ఈదమ్మ ఊపిరి

సర్జన్ విజేందర్ ఏళ్లతరబడి ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెడుతూనే "నవనీత మేడం వచ్చిందా?" అని అడిగేవాడు. కుర్ర డాక్టర్ కరుణ చేరాక ఆ ప్రశ్నలో పేరు మారిపోయింది. మహబూబ్‌నగర్‌లోని ఆ చిన్న దవాఖానలో మత్తు డాక్టరంటే ఒకప్పుడు నవనీత, ఇప్పుడు కరుణే. నర్సు మనీష ఆ పిల్లకు చాయ్ మూతపెట్టి దాచినా నవనీతకు కడుపు రగిలేది.

ఒక మధ్యాహ్నం కొత్తకోట దిక్కు నుంచి ఈదమ్మను తెచ్చారు. పొట్టేలు కుమ్మితే కిందపడి భుజం జారింది. అప్పుడే అన్నం తిన్నదట. కడుపులోది ఊపిరితిత్తుల్లోకి పోకుండా కరుణ మత్తిచ్చి, కండరాలను కాసేపు వదులుచేసే స్కోలిన్ ఎక్కించి, గొంతులో గొట్టం వేసింది. విజేందర్ చిటికెలో భుజం సరిచేశాడు.

కానీ ఈదమ్మ ఊపిరి తీసుకోలేదు.

మనీష పరుగెత్తుకొచ్చింది. "మేడం, జర రండ్రి! ఆమె లేస్తలేదు."

నవనీత వెళ్లేసరికి కరుణ చేత్తో సంచి నొక్కుతూ గాలి అందిస్తోంది. భయంతో ఆ పిల్ల ముఖంలో నెత్తురుచుక్క లేదు. అది చూడగానే నవనీతకు మండుటెండలో కుండనీళ్లు తాగినట్టయింది. ఇప్పుడు తెలుస్తుంది అందరికీ, అనుకుంది.

అంతలో ఈదమ్మ కంటికొస నుంచి నీటిచుక్క జారింది. నాడి దడదడలాడుతోంది. మనిషికి మెలకువ వచ్చింది, కదలలేకపోతోంది.

"నిద్రమందియ్యి ముందు!" అని అరిచింది నవనీత. "ఆమెకు అన్నీ వినవడుతున్నయి."

కరుణ ఉలిక్కిపడి మందు ఎక్కించింది. వెంటనే ఇంకో సిరంజి అందుకుంది. "విరుగుడు ఇస్త మేడం."

"వద్దు. స్కోలిన్‌కు అది పనిచెయ్యది, ఇంకా ఆలస్యమైతది. స్కోలిన్‌ను కరిగించే గుణం కొందరి నెత్తురుల పుట్టుకతోనే తక్కువుంటది. ఊపిరి మిషన్ మీద పెట్టి కూసుందాం, అదే దిగుతది."

ఇద్దరూ చెరోపక్క కూర్చున్నారు. సాయంత్రానికి ఈదమ్మ వేలు కదిలింది. ఆ తర్వాత ఛాతీ తనంతట తానే లేచింది. గొట్టం తీశాక బొంగురుగొంతుతో "గొర్లకు నీళ్లు వెట్టిన్రా?" అంది.

బయట ఆమె భర్త మల్లన్న నేరుగా కరుణ దగ్గరికే పోయి చేతులు జోడించాడు. "నా ఇంటిదాన్ని బతికిచ్చినవు బిడ్డా."

"నేను కాదు, నవనీత మేడం. ఆపకుంటే నేను తప్పు మందు ఇస్తుంటి," అంది కరుణ, అందరి ముందే. "ఈదమ్మ తోబుట్టువులకు చెప్పుండ్రి, గీ మందు వాళ్లకు గూడ పడకపోవచ్చు. ఎన్నడు మత్తియ్యాల్సి వచ్చినా డాక్టర్‌కు గీ సంగతి ముందే చెప్పాలె."

మల్లన్న నవనీతకూ దండం పెట్టాడు. విజేందర్ మాత్రం కరుణ వైపే చూస్తూ, "గిట్ల ఒప్పుకునే గుండె ఎందరికుంటది!" అని మెచ్చుకున్నాడు.

ఈదమ్మ బతికినందుకు నవనీతకు కలిగిన సంతోషం అబద్ధం కాదు. కానీ తప్పు చెయ్యబోయి కూడా మెప్పు కొట్టేసిన ఆ పిల్లను చూస్తే ఒళ్లు మండింది.

"రేపటి మొదటి కేసు నాది," అంది విజేందర్‌తో.

"సరే మేడం," అన్నాడతను. "కరుణను గూడ పక్కన ఉండుమందాం."