మామగారి మూడు కిలోలు

ఇంట్లో ఎవరి బరువు పెరిగినా కోడలికి ప్రాణం లేచివస్తుంది. చంటిపిల్లకి విరేచనాలు పట్టుకున్న వారం ఆసుపత్రిలో సిస్టర్ చెప్పిన మాట ఆమె మనసులో మేకులా దిగిపోయింది: ఎంత బయటికి పోతే అంత లోపలికి పొయ్యాలి. ఎనిమిదో తరగతితో చదువాగిపోయిన మనిషి కనుక దొరికిన ఒక్క పాఠాన్నీ పదిలంగా దాచుకుంది.

అందుకే గుండెజబ్బు మామగారికి నీరు లాగే మాత్ర రాసినప్పుడు బెంబేలెత్తిపోయింది. పొద్దున్నే మాత్ర పడిందంటే మధ్యాహ్నంలోగా ఆయన ఆరుసార్లు బాత్రూముకి నడిచేవాడు. మనిషి ఎండిపోతాడేమోనని ఆమెకి గుబులు. తలుపు చప్పుడైనప్పుడల్లా పాపని చంకనేసుకుని, గ్లాసుడు నీళ్ళతో గుమ్మంలో నిలబడేది. ఆయన ఓసారి ఆమె మొహంలోకి చూసి, గటగటా తాగేసేవాడు.

డాక్టరమ్మ రాసిచ్చిన చీటీలో ఉన్నట్టే రోజూ బరువు చూసి రాసింది. అరవై ఒకటి, అరవై రెండు, అరవై నాలుగు. అంతా తన చేతి చలవేనని మురిసిపోయింది. ఆయన మూడు దిండ్లుంటే గాని పడుకోలేకపోవడాన్నీ, చెప్పులు బిగుసుకుపోవడాన్నీ మాత్రం వయసు మీదికి నెట్టేసింది.

పదో రోజున ఆ కాగితం డాక్టరమ్మ ముందు పెట్టి, మెచ్చుకోలు కోసం చూసింది. డాక్టరమ్మ ఆయన చీలమండ మీద బొటనవేలితో నొక్కింది. గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఇది ఒళ్ళు కాదమ్మా, నీరు."

నీరసించిన గుండె నెట్టలేని నీరు కాళ్ళలో, ఊపిరితిత్తుల్లో చేరుతుందనీ, మాత్ర కిడ్నీల చేత ఉప్పుని గెంటిస్తే దాని వెంటే నీరూ పోతుందనీ, పోతేనే ఊపిరాడుతుందనీ చెప్పింది. బరువు పెరుగుతోందంటే మందు చాలడం లేదట. రెండు మాత్రలు చేస్తానంటూ చీటీ రాయసాగింది. పొటాషియం పడిపోవచ్చట, లేచి నిలబడితే కళ్ళు తిరగొచ్చట, రక్తపరీక్షలు చేయిస్తుండాలట.

కోడలికి తను తాగించిన గ్లాసులన్నీ గుర్తొచ్చాయి. చెబితే మామగారిని చంపబోయిన కోడలని పేరొస్తుంది. చెప్పకపోతే ఆ పేరు నిజమవుతుంది.

"మాత్ర తప్పేం లేదండీ," అంది చివరికి. "అది లాగిందంతా నేనే మళ్ళీ పోస్తున్నాను."

డాక్టరమ్మ పెన్ను ఆగింది. ఆమె పెద్దాయన వైపు తిరిగి, పోయినసారి కోడలు బయట పాపని ఊరుకోబెడుతున్నప్పుడు, నీళ్ళు రోజుకి లీటరున్నర దాటొద్దని మూడుసార్లు చెప్పానే, మరిచిపోయారా అని నిలదీసింది.

"గుర్తుందండీ," అన్నాడాయన. "తాగకపోతే ఈ పిల్ల ఏడుపు మొహం పెడుతుంది. నేను కాస్త ఉబ్బితే పోయేదేముందిలే అనుకున్నా."

"పోయేది మీరే."

డాక్టరమ్మ రెండో మాత్ర కొట్టేసింది. ఈసారి నీళ్ళ కొలత ఆయనకి కాక కోడలికి చెప్పి, తిరిగి అప్పజెప్పించుకుంది. కోడలు తడబడకుండా అప్పజెబుతుంటే, మామగారు ఆ సంగతి అప్పుడే మొదటిసారి వింటున్నట్టు బుద్ధిగా తలూపాడు.