నీలం పోగులు

వడపోత కాగితం మీద నీలం పోగులు చూసేసరికి టీచరమ్మ బుర్ర తిరిగిపోయింది. పోయిన వారం ఆన్‌లైన్ పాఠంలో పిల్లలకు చూపించినవీ అచ్చం ఇలాంటివే. కుళాయి నీళ్లు వడకట్టి, కాగితాన్ని ఫోను లెన్సు కింద పెట్టి, "చూశారా, మనం తాగే నీళ్లలో పదిహేడు ప్లాస్టిక్ పోగులు!" అని ధీమాగా చెప్పేసింది. ఆ వీడియో ఊరంతా తిరిగి, చివరికి నీళ్ల ట్యాంకు దగ్గర పనిచేసే బావగారి మెడకు చుట్టుకుంది. ఫిల్టర్లు సరిగ్గా కడగడం లేదని ఆయనకు నోటీసిచ్చారు. సాయంత్రంలోగా జవాబివ్వకపోతే ఉద్యోగం ఊడుతుంది.

తీరా చూస్తే ఇప్పుడు లెన్సు కింద ఉన్నది ఉత్త కాగితం. నీటిబొట్టు కూడా తగల్లేదు.

"మేం నీళ్లలో క్లోరిన్ చూసేముందు ఖాళీ సీసాలో ఏమీ లేదని చూసుకుంటాం అమ్మాయ్. నువ్వు ఖాళీ కాగితం చూశావా?" అని పొద్దున్నే వచ్చి అడిగింది బావగారే.

"నీళ్లే లేకుండా నీళ్లలోవి ఎలా వచ్చాయి బావగారూ?"

"నన్నడుగుతావేంటమ్మా! చదువుకున్నదానివి నువ్వు."

కాగితం మార్చింది. లెన్సు తుడిచింది. కిటికీ మూసింది. వంగి చూసిన ప్రతిసారీ పోగులు పెరుగుతున్నాయే తప్ప తగ్గడం లేదు. బావగారు మొహమాటంగా ఆమె చేతికేసి చూపించారు. నీలం స్వెట్టరు. పోయిన వారం పాఠంలోనూ వేసుకున్నది అదే. మెడ దగ్గరి చీటీ చదివితే ఊలు కాదు, యాక్రిలిక్. అంటే ప్లాస్టిక్ దారమే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. టీచరమ్మకు ఏడుపొచ్చింది.

స్వెట్టరు తీసేసి, నూలు కోటు వేసుకుని, అన్నిటికీ గాజు మూతలు పెట్టి మళ్లీ చూసింది. ఖాళీ కాగితం శుభ్రంగా ఉంది. కుళాయి నీళ్లు వడకట్టిన కాగితం మీద మాత్రం మూడు తెల్లటి పోగులు మిగిలాయి. ఎంత తుడిచినా, ఎన్నిసార్లు వడకట్టినా మూడో నాలుగో వస్తూనే ఉన్నాయి.

పదింటికి పాఠం మొదలైంది. "పోయిన వారం పోగులు నా స్వెట్టరువి. తిట్టాలంటే నన్ను తిట్టండి," అంది. మూడు పోగులూ చూపించి, ఎక్కడివో తనకు తెలియదని కూడా చెప్పింది.

"మరి నీళ్లు తాగొచ్చా టీచర్?" అడిగిందో అమ్మాయి.

టీచరమ్మ బావగారి వైపు చూసింది. ఇరవై ఏళ్లుగా ఊరికి నీళ్లు వదిలే ముందు తాను ఒక గ్లాసు తాగి చూసే మనిషాయన. గ్లాసు నింపి నోటిదాకా తీసుకెళ్లారు. ఆగారు. వెలుతురుకేసి పట్టి చాలాసేపు చూసి, బల్ల మీద పెట్టేశారు.

పాఠం అయ్యాక టీచరమ్మ కాగితం తీసి, పదిహేడు పోగులూ తనవేనని రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. "జవాబుతో ఇది జత చేయండి బావగారూ. మీ ఉద్యోగానికి ఢోకా ఉండదు."

ఆయన రెండుసార్లు చదువుకున్నారు.

"బాగానే ఉందమ్మాయ్. మరి ఆ మూడూ ఎవరివని రాయను?"