వాగు నీళ్ళు ఎవరూ తాగరు

శ్రావణం వచ్చినా వాన జాడ లేదు. తీజ్ పండగ మొదలయ్యే రోజు పొద్దున్నే తండా పెద్ద చందూనాయక్ పార భుజాన వేసుకుని రాళ్ళవాగులోకి దిగాడు. వెనకాలే తల్లి సోనీబాయి, చేతిలో కొబ్బరిచిప్పతో. ఆమె అతన్ని రమ్మనలేదు, వద్దనీ అనలేదు. గట్టు మీద తండా ఆడపిల్లలు బిందెలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో అతని కూతురు వెన్నెల.

తీజ్ అంటే లంబాడీ ఇళ్ళలో పెళ్ళికాని పిల్లల పండగ. వెదురుబుట్టల్లో పుట్టమన్ను పోసి గోధుమలు చల్లుతారు. తొమ్మిది రోజులు పాటలు పాడుకుంటూ నీళ్ళు మోసుకొచ్చి పోస్తారు. మొలక పచ్చగా లేస్తే పిల్ల కాపురం పచ్చగా ఉంటుందంటారు. ఆ నీళ్ళు వాగు ఇసకలో తవ్విన చెలమవే అయుండాలి, తాతల నాటినుంచీ అంతే. దసరా వెళ్ళాక వెన్నెలకి పెళ్ళి. ఆ పిల్లకిదే ఆఖరి తీజ్.

"బాపూ, నువ్వు తవ్వేది చెలమా, బోరా?" అని గట్టు మీంచి అరిచింది వెన్నెల. పిల్లలంతా గొల్లుమన్నారు.

"నాయక్ మామ పార పట్టటం మర్చిపోయాడు గానీ మైకిస్తే తవ్వుతాడు!" అంది ఇంకో పిల్ల.

చందూ నవ్వాడు. నవ్వుతూనే పార వేశాడు. తలెత్తితే కనపడుతుందని తలెత్తలేదు. పైన వంపు దగ్గర తండా మురుగుకాలవ సిమెంటు నోరు తెరుచుకుని వాగులోకి చూస్తోంది. అక్కడ దాన్ని వదిలించింది తనే.

రెండేళ్ళ కిందటి మాట. ఇంటింటికీ కుళాయి, వీధికో సిమెంటు కాలవ వేయటానికి తండాకి ప్రభుత్వం నిధులిచ్చింది. చందూ మాచర్లలో ఎన్ని ఆఫీసుల మెట్లెక్కాడో, ఎంతమందికి దండాలు పెట్టాడో. పని చూడటానికి వసీం అనే కుర్ర ఇంజినీరొచ్చాడు. మర్యాదస్తుడు. తండాకొచ్చి చందూని 'గారూ' అని పిలిచిన మొదటి ఆఫీసరు అతనే.

"కాలవ ఇక్కడ వాగులో వదిలేద్దామా నాయక్ గారూ? లేదంటే అటు పక్క ఇంకుడుగుంత తవ్వించొచ్చు, ఇప్పుడైతే అంచనాలో పెట్టుకోవచ్చు. కింద వాగు నీళ్ళు ఎవరన్నా తాగుతారా?" అని అడిగాడు వసీం.

సరిగ్గా అప్పుడే బండ అవతల చెలమ దగ్గర్నుంచి ఆడోళ్ళ నవ్వులు వినపడ్డాయి. చందూకి ఆ నవ్వుల్లోంచి వేరే నవ్వులు వినపడ్డాయి. చిన్నప్పుడు మాచర్ల హాస్టల్లో పంపు దగ్గర లైన్లో నుంచుంటే పెద్దపిల్లలు వెనక్కి నెట్టేవాళ్ళు. "ఒరేయ్ చెలమోడా, నీకు గ్లాసెందుకురా? పోయి ఇసకలో మూతి పెట్టు." ఆ పిల్లలు ఇప్పుడెక్కడున్నారో తెలీదు. కానీ 'గారూ' అన్న ఈ మనిషి కళ్ళల్లో కూడా తాను ఇసకలో మూతి పెట్టినవాడిలా కనపడతాడేమోనని భయపడ్డాడు.

"ఎవరూ తాగరు సార్," అన్నాడు. "ఆ రోజులు పోయినయ్."

మాట నోట్లో ఉండగానే బండ వెనకనుంచి సోనీబాయి నిండు బిందె నెత్తిన పెట్టుకుని పైకొచ్చింది. వసీం పక్కకి తప్పుకున్నాడు.

"ఏం అవ్వా, నీళ్ళా?"

"బట్టలుతకటానికి సార్," ఆమెకంటే ముందు చందూనే అందుకున్నాడు.

సోనీబాయికి తెలుగు బాగా వచ్చు. కొడుకు మొహంలోకి ఒకసారి చూసింది. బిందె తొణకలేదు. నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కుళాయిలొచ్చాయి. అందులో అబద్ధం లేదు. మొదటిసారి వాకిట్లో నీళ్ళు పడిన రోజు సోనీబాయి కూడా బకెట్లన్నీ నింపుకుని, "నా నడుం మళ్ళీ పడుచుదైందిరో" అని తండా అంతా నవ్వించింది. ఆ రోజు చందూని ఊరేగించటం ఒక్కటే తక్కువ. కానీ అవి బోరు నీళ్ళు, చవిటి నీళ్ళు. ఒంటికి సరిపోయాయి, అంట్లకి సరిపోయాయి. పప్పు మాత్రం ఉడకలేదు, తాగితే దాహం తీరలేదు. తాగటానికి ఆడోళ్ళు మళ్ళీ చెలమకే దిగారు. ఈలోగా కుళాయి పుణ్యమా అని ఇళ్ళల్లో నీళ్ళ వాడకం పెరిగింది, కాలవ నిండుగా పారింది. కొన్నాళ్ళకి చెలమ వాసనేసింది. కాలవ నోటికి పైన తవ్వుకుందామంటే అక్కడంతా నాపరాయి, ఇసకే లేదు. ఇప్పుడు తాగే నీళ్ళు మాచర్ల నుంచి ఆటోలో క్యాన్లుగా వస్తున్నాయి.

చందూ వసీంకి ఫోన్ చేశాడు. అవతలివాడు కసురుకునుంటే బాగుండేది. "అయ్యో, అప్పుడే చెప్పాల్సిందండీ. పని పూర్తయినట్టు రాసి ఫైలు మూసేశారు. మళ్ళీ ఎప్పుడన్నా నిధులొస్తే చూద్దాం నాయక్ గారూ," అన్నాడు మెత్తగా.

తల్లి మాత్రం ఒక్క మాటా అనలేదు. ఆమె తిడుతుందని ఎదురుచూశాడు. పళ్ళెంలో సంగటి పెడుతున్నప్పుడు, క్యాన్ వంచుతున్నప్పుడు, ఇప్పుడంటుంది, ఇప్పుడంటుంది అనుకున్నాడు. అన్నాళ్ళూ తన తరఫున జవాబులు పోగేసుకున్నాడు. వాలు అటే ఉందని, నిధులు వెనక్కిపోతాయని భయపడ్డానని. ఆమె అడగలేదు గనక ఆ జవాబులన్నీ అతని లోపలే పులిసిపోయాయి.

ఇప్పుడు పారకి ఇసక తడి తగిలింది. ఇంకాస్త లోతుకి పోయేసరికి నీళ్ళు ఊరాయి. సోనీబాయి మోకాళ్ళ మీద కూర్చుని మొదటి నీళ్ళు చిప్పతో తోడి పారబోసింది. మళ్ళీ ఊరాయి, మళ్ళీ పారబోసింది. మూడోసారి ఊరిన నీళ్ళు తేటగా, అద్దంలా ఉన్నాయి. చందూకి ప్రాణం లేచొచ్చింది. చెలమ వాడకం మానేశాక వాగే తనని తాను కడుక్కుందేమో. ఒక్క వెన్నెల తీజ్‌కి సరిపోతే చాలు.

తల్లి చిప్ప ముంచి అతని ముందుకు చాపింది.

"తాగు."

"ముందు నువ్వు తాగు యాడీ."

"నువ్వే తాగరా." గట్టు మీద పిల్లలకి వినపడకుండా గొంతు తగ్గించింది. "ఎవరూ తాగరన్నావుగా. నువ్వన్నా తాగి చూడు."

చందూ చిప్ప అందుకున్నాడు. నీళ్ళు చల్లగానే దిగాయి. చిన్నప్పటి చల్లదనం. ఆ వెనకే నాలిక చివర సబ్బు చేదు, దానికింద ఇంకేదో. ఉమ్మబోయాడు. తల్లి చూస్తోంది. మింగేశాడు.

అతని మొహం చూశాక ఆమెకి రుచి చూడాల్సిన పని లేకపోయింది.

"నీళ్ళు పడ్డయ్యా అవ్వా?" అంటూ వెన్నెల లేచి నుంచుంది. బిందె నడుమునెత్తుకుని గట్టు దిగబోయింది.

"ఎక్కడి నీళ్ళే! ఇసక ఎండిపోయింది," అని కేకేసింది సోనీబాయి. "ఎండెక్కింది, దిగొద్దు, కాళ్ళు కాలతయ్. పోయి కుళాయిలో పట్టుకోండి."

"కుళాయి నీళ్ళకి మొలకొస్తదా?"

"మీ పాటకొస్తది. గట్టిగా పాడండి, పోండి."

పిల్లలు మూతులు ముడుచుకుని లేచారు. కాసేపటికి పాట ఎత్తుకున్నారు. పాట తండా వైపు మళ్ళింది. చందూకి ఏదో అనాలనిపించింది. ఆ రోజు అతని మాట ఆమె ఎందుకు తోసిపుచ్చలేదో, ఇప్పుడు కూతురి ముందు అతన్ని ఎందుకు కాచిందో, రెండూ ఒకటే అని అతనికి తెలుస్తూనే ఉంది. నోరు తెరిస్తే సబ్బు వాసనే వచ్చింది.

సోనీబాయి అప్పటికే లేచి కాలితో ఇసకని గుంతలోకి తోస్తోంది. పిల్లలెవరన్నా వెనక్కి తిరిగి చూస్తారేమోనని ఆమె తొందర. చందూ పార అందుకుని పూడ్చాడు. పూడ్చిన చోట ఇసక మళ్ళీ నల్లగా తడిసింది. ఆమె వంగి, దోసిళ్ళతో పొడి ఇసక తెచ్చి దాని మీద పోసింది.