నీలం డబ్బాలో మజ్జిగ

కోడలు వస్తోందంటే దాచుకోవడానికి ఒక్కో అత్తగారికి ఒక్కోటి ఉంటుంది. వెంకటరత్నమ్మ పురుగుమందు డబ్బా దాచింది.

అలాంటిలాంటి డబ్బా కాదది. అయిదు లీటర్లు పట్టే నీలం డబ్బా. బిగువైన మూత, చేతికి అమిరినట్టుండే పిడి. ఎప్పుడో ఆవిడ భర్త తాతారావు వరికి కొట్టిన మందు దాంట్లో వచ్చింది. మందు చేలోకి పోయింది, డబ్బా ఇంట్లో ఉండిపోయింది. వెంకటరత్నమ్మ దాన్ని చింతపండు వేసి ఒకసారి, బూడిద వేసి ఒకసారి తోమి, బియ్యం కడుగులో నానబెట్టి, వాసన పోయేదాకా పెరట్లో ఎండబెట్టింది. అప్పటినుంచీ చేలో పనివాళ్లకు మజ్జిగ అందులోనే వెళ్తోంది. బండి మీద ఎంత కుదిపినా ఒక్క చుక్క కారదు. కట్టుకున్న మొగుడి గురించి కూడా ఆవిడ ఎవరి దగ్గరా అంత నమ్మకంగా చెప్పలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. ఆవిడ పనితనం చూసి ఇరుగూ పొరుగూ తమ డబ్బాలు కూడా తెచ్చి అరుగు మీద పెట్టడం మొదలెట్టారు. నందివాడ పక్కనున్న ఆ ఊళ్లో రత్నమ్మగారు కడిగిన డబ్బా అంటే ఇక మాట్లాడేది లేదు. పక్కింటి ప్రేమమ్మ మనవలు బడికి మంచినీళ్లు పట్టుకెళ్లేది ఆవిడ కడిగిచ్చిన సీసాల్లోనే.

కోడలు గాయత్రి బందరులో ఒక పరిశోధన సంస్థలో పని చేస్తుంది. పొలాల్లో కొట్టేవీ, చేపల చెరువుల్లో పోసేవీ మనుషుల ఒంట్లోకి ఎంతెంత చేరుతున్నాయో కొలవడం ఆమె ఉద్యోగంలో సగం. కొలిచినదాన్ని జనానికి అర్థమయ్యేలా చెప్పడం మిగతా సగం. మొదటి సగానికి మిషన్లున్నాయి అత్తయ్యా, రెండోదానికే లేవు అంటుంది.

ఆ గాయత్రి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, ఆదివారం మీటింగ్ మన ఊళ్లోనే. ఖాళీ మందు డబ్బాలు తిండికీ నీళ్లకీ వాడొద్దని చెప్పాలి. మర్నాడు నాగులచవితి కూడా చూసుకుని వెళ్తాను. మీరు ముందు వరసలో కూర్చోవాలి."

"కూర్చుంటాలేవే," అని ఫోన్ పెట్టేసి, వెంకటరత్నమ్మ డబ్బా పుచ్చుకుని గడ్డివాము వైపు నడిచింది.

కోడలంటే భయపడి కాదు. కోడలంటే ఆవిడకి ప్రాణం. కాపరానికొచ్చిన కొత్తలో గాయత్రి పప్పులో రెండుసార్లు ఉప్పు వేస్తే, ఎవరూ నోరెత్తకుండా తినాలని ఇంటిల్లిపాదికీ కళ్లతోనే చెప్పిన మనిషి. ఇప్పుడు సొంత అత్తగారింట్లోనే డబ్బా ఉందని తెలిస్తే ఆ పిల్ల మాట ఊళ్లో ఎవరు వింటారు? పోనీ, నేను కడిగిచ్చినవన్నీ పారేయండని తనే అంటే, ఆ తర్వాత తన మాట ఎవరు వింటారు? ఆవిడకి ఎక్కువ నిద్ర పట్టనివ్వనిది ఈ రెండో ప్రశ్న. ఈ సంగతి మన మధ్యే ఉండనివ్వండి.

ఆదివారం బడి వరండాలో మీటింగ్ బాగానే మొదలైంది. గాయత్రి తెర మీద బొమ్మలు చూపించింది. ప్లాస్టిక్ గోడ మందుని కొంచెం పీల్చుకుంటుందనీ, ఎంత తోమినా లోపలిది పోదనీ, మజ్జిగలాంటివి పోసి ఉంచితే కొంచెం కొంచెంగా బయటికొస్తుందనీ నెమ్మదిగా చెప్పింది. అందరూ బుద్ధిగా తలలూపారు. పురాణానికీ అలాగే ఊపుతారు.

కాంతారావు లేచాడు. ఊళ్లో ఏ మీటింగైనా అతను లేవందే పూర్తయినట్టు కాదు.

"అదంతా సరేనమ్మా. చస్తామా, చావమా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఒక్క ముక్కలో చెప్పలేనండీ. ఒక్కరోజులో అయ్యేది కాదు. ఎవరికి ఏమవుతుందో కూడా ముందే తెలీదు. చాలామందిలో కొందరికి నరాలకి, కొందరికి కడుపులో బిడ్డకి ఇబ్బంది రావచ్చు. పెద్దవాళ్లకంటే పిల్లలకి ప్రమాదం ఎక్కువ."

"రావచ్చు అంటున్నావు. అంటే రాకపోవచ్చు కూడా."

"రాకపోవచ్చు కూడానండీ," అంది గాయత్రి. అబద్ధం చెప్పడం చేతకాని పిల్ల. ఒక్క అబద్ధం ఆడి ఉంటే ఆ పూట మీటింగ్ గెలిచేది.

కాంతారావు ఎన్నిక గెలిచినట్టు కూర్చున్నాడు. అప్పుడు ప్రేమమ్మ, పాపం సాయం చేద్దామనే, అందుకుంది.

"అయినా మన ఊరికి ఆ బాధ లేదమ్మాయ్. మీ అత్తగారు కడిగిస్తారుగా. చింతపండు, బూడిద, కడుగు... ఆవిడ చెయ్యి పడ్డాక మందుండేదెక్కడ?"

వరండా అంతా ఔనంది. గాయత్రి ముందు వరస వైపు చూసింది. ముందు వరస పైకి, ఫ్యాను వైపు చూసింది. ఆ ఫ్యాను తిరగడం లేదు.

"అత్తయ్యగారు శుభ్రంగా కడుగుతారు, నాకు తెలుసు," అంది గాయత్రి. "లోపం కడగడంలో లేదండీ, డబ్బాలోనే ఉంది."

అత్తగారి పరువు నిలిచింది. మీటింగ్ మాత్రం మునిగింది. రత్నమ్మగారు శుభ్రంగా కడుగుతారని బందరు నుంచి వచ్చిన సైంటిస్టు కూడా ఒప్పుకుందని ఊరంతా అనుకుంది. వాళ్లు ఇంటికి చేరేసరికి అరుగు మీద కడగాల్సిన డబ్బాలు కొత్తగా మూడు ఎదురుచూస్తున్నాయి.

భోజనాల దగ్గర గాయత్రి పెరుగు వేసుకుంటూ మామూలుగా అడిగింది.

"మనది ఎక్కడ దాచారు అత్తయ్యా?"

తాతారావుకి పొలమారింది.

"గడ్డివాములో," అంది వెంకటరత్నమ్మ, చారుగిన్నె వైపు చూస్తూ. "నిన్ను చిన్నబుచ్చడం ఇష్టంలేక దాచానే. అంతే గాని, నా డబ్బా శుభ్రంగానే ఉంది. కావాలంటే వాసన చూడు."

"వాసన లేకపోవడమే దాంతో వచ్చిన చిక్కు."

"మీ మావయ్యగారు ఇన్నేళ్లు తాగారు. ఏమయింది ఆయనకి?"

గాయత్రి మావగారి వైపు పరీక్షగా చూసింది. తాతారావు ఇబ్బందిగా సర్దుకు కూర్చున్నాడు.

"ఏమీ అవలేదు, అవకూడదనే నా కోరిక," అంది. "మిమ్మల్ని పారేయమని నేను అనను అత్తయ్యా. మీకే అనిపించాలి." తర్వాత కంచం తీసుకుని లేస్తూ, "వచ్చే వారం మోపిదేవి దగ్గర ఇంకో ఊరు. అక్కడా ఇంతేనేమో," అంది.

ఆ చివరి మాట అన్నప్పుడు పిల్ల గొంతు కొంచెం పడిపోయింది. వెంకటరత్నమ్మకి అన్నం సయించలేదు.

తెల్లవారింది. తలంటు పోసుకుని, చలిమిడీ చిమ్మిలీ పళ్లెంలో సర్ది, పుట్టకి పాలు తీసుకెళ్దామని చూస్తే స్టీలు క్యాను కనబడలేదు. రోజూ గూట్లో ఉండేదే. గూడు, గాదె వెనక, గేదెల దగ్గర అన్నిచోట్లా వెతికింది.

"టైమవుతోందే, జనం వెళ్లిపోతున్నారు," అన్నాడు వంటింట్లోంచి తాతారావు. "దీంట్లో పోస్తున్నాలే. పద."

వెంకటరత్నమ్మ లోపలికి వచ్చింది. పొయ్యి గట్టు మీద నీలం డబ్బా ఉంది. తాతారావు పాలగిన్నె వంచి ధార మొదలెట్టాడు.

"ఆగండి," అందావిడ. ఆ గొంతుకి పాలు కూడా ఆగాయి. "బుద్ధుందా మీకు? స్వామికి మందు డబ్బాలోనా పాలు?"

తాతారావు గిన్నె అలాగే పట్టుకుని, అమాయకంగా అడిగాడు. "నువ్వే కడిగావుగా?"

గుమ్మం దగ్గర గాయత్రి వత్తులు చేస్తోంది. తలెత్తలేదు. అంత శ్రద్ధగా వత్తులు చేసేవాళ్లని వెంకటరత్నమ్మ అంతకుముందు చూడలేదు.

ఆవిడ డబ్బా వైపు చూసింది. మజ్జిగ పోసినప్పుడు ఎన్నడూ చెయ్యి వెనక్కి రాలేదు. ప్రేమమ్మ మనవలకి సీసాలు ఇచ్చినప్పుడూ రాలేదు. పుట్టలో ఉన్నదో లేదో తెలియని పాము దగ్గరికొచ్చేసరికి వచ్చింది. అంటే తన చేతికి ఎప్పటినుంచో తెలుసు. నోటికే తెలీదు.

పాలు ఇత్తడి చెంబులో పోసింది. డబ్బాని కూడా చేత్తో పట్టుకుంది.

"అదెందుకు?" అన్నాడు తాతారావు.

"మీరు నడవండి."

పుట్ట దగ్గర ఊరి ఆడవాళ్లంతా తడిజుట్లతో ఉన్నారు. పిల్లలు టపాకాయలు కాలుస్తున్నారు. పాలు పోసి, దణ్ణం పెట్టుకుని లేచాక ప్రేమమ్మ అడిగింది.

"డబ్బా తెచ్చావేంటి రత్నమ్మక్కా?"

"క్యాను కనబడకపోతే మీ బావగారు దీంట్లో పోయబోయారే."

ప్రేమమ్మ చెంపలు వేసుకుంది. "అపచారం. నాగేంద్రుడికి మందు డబ్బాలో పాలేంటక్కా."

"నేనూ అదే అన్నాను. మరి నీ మనవలకి నీళ్లేంటి?"

చుట్టూ ఉన్నవాళ్లు చెంబులు పట్టుకుని అలాగే నిలబడ్డారు. స్టీలువీ ఇత్తడివీ తప్ప ఒక్క డబ్బా లేదు అక్కడ. అది అందరూ ఒకేసారి చూసుకున్నారు.

"నువ్వు కడిగావనిగా అక్కా..." అంది ప్రేమమ్మ, గొంతు తగ్గించి.

"నేనే కడిగాను. నేను కడిగిన డబ్బాలో పాలు పోయడానికి నాకే మనసొప్పలేదు. ఇంక మీరెందుకు నమ్మాలి?" వెంకటరత్నమ్మకి ఈ మాట అనడానికి రెండుసార్లు ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. "నిన్న మా అమ్మాయి చెప్పింది నిజం. కడిగితే పోదు. తప్పు నాది. కడిగిన చేత్తోనే చిల్లు పెడతాను, మీ ఇళ్లలో ఉన్నవన్నీ పట్రండి."

అందరికంటే ముందు ప్రేమమ్మ కొంగు బిగించి ఇంటివైపు నడిచింది. ఆమె నడక కాస్త వేగంగానే ఉంది.

గాయత్రి పుట్టమన్ను వేలితో తీసుకుని అత్తగారి చెవికి పెట్టింది. పిల్ల కళ్లు తడిగా ఉన్నాయి. అది చూడనట్టు వెంకటరత్నమ్మ ఆమె జడ వైపు చూసింది.

"జడలో గడ్డిపరక ఏంటే?"

"పొద్దున్నే గేదెకి గడ్డి వేశానత్తయ్యా."

"పెళ్లయ్యాక మన గేదె దగ్గరికి ఎప్పుడైనా వెళ్లావా నువ్వు?"

గాయత్రి రెండో చెవికి కూడా మన్ను పెట్టింది, కాస్త ఎక్కువే.

ఆ మధ్యాహ్నం అరుగు మీద డబ్బాలు గుట్టపడ్డాయి. వెంకటరత్నమ్మ మేకూ సుత్తీ పెట్టుకుని ఒక్కోదానికీ చిల్లు పెట్టింది. మొదటిది నీలం డబ్బా. దాన్ని ఒకసారి తిప్పి చూసుకుని మరీ కొట్టింది. కాల్చకూడదు, కాలవలో వేయకూడదు అని గాయత్రి అన్నిటినీ గోనెసంచుల్లో కట్టుకుని కారెక్కించింది. సాయంత్రం తాతారావు గేదెకి గడ్డి లాగుతుంటే వాములోంచి స్టీలు క్యాను బయటపడింది. ఆయన దాన్ని తెచ్చి గూట్లో పెట్టాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. ముప్పై ఏళ్ల కాపరంలో ఆయన నేర్చుకున్న ముఖ్యమైన విద్య అదే.

మరుసటి వారం మోపిదేవి దగ్గరి ఊరికి వెంకటరత్నమ్మ కూడా వెళ్లింది. గాయత్రి ఈసారి ముందు బొమ్మలు వేయలేదు. పుట్టకి పాలు దేంట్లో తీసుకెళ్తారండీ అని అడిగి ఊరుకుంది. అక్కడి కాంతారావు లేవబోయి మళ్లీ కూర్చున్నాడు. ఆ పేరు అతనిది కాదు గాని, ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు.

చేలో పనివాళ్లకి ఇప్పుడు మజ్జిగ స్టీలు క్యానులో వెళ్తోంది. మూత వదులు. బండి కుదిపితే తాతారావు పంచె తడుస్తుంది.

"ఏమన్నా చెప్పు రత్నం," అన్నాడాయన ఒకరోజు గ్లాసు దించుతూ. "ఆ డబ్బా మజ్జిగకి ఓ రుచి ఉండేది."

"ఆ రుచేంటో ఆదివారం అమ్మాయి వస్తోంది, అడగండి," అంది వెంకటరత్నమ్మ, ఇంకో గ్లాసు పోస్తూ.