మంగళవారం తడి బ్రష్షు

ఇంకో చుక్క పడింది, ఇంత చిన్న కుచ్చులో ఇన్ని నీళ్ళు ఎక్కడ దాక్కుంటాయో, పెరట్లో అద్దం పక్కన మేకుకి తలకిందులుగా వేలాడుతూ బండ మీదికి కారుతూనే ఉంది ఆయన గడ్డం బ్రష్షు, దానికి రెండడుగుల దూరంలో నిలబడి కానిస్టేబుల్ బీక్యా గోలెంలో నీళ్ళు ముంచుకుని తాగుతున్నాడు, తల తిప్పకు నాయనా, తిప్పితే అంతే సంగతులు, మా ఆయన పది రోజులుగా ఈ గడప తొక్కలేదని ఎస్సైతో ఇప్పుడే కదా చెప్పాను, ప్రత్యేక రాష్ట్రం కోసం శనివారం నుంచి రైల్‌రోకో, ఆలోపే జనగామ చుట్టుపక్కల ఊళ్ళలో పేరున్న వాళ్ళందరినీ ఎత్తుకుపోతున్నారు, లింగాల ఘనపూర్‌లో మొదటి పేరు మా ఆయన శ్రీపాల్‌దే, ఆ శ్రీపాల్ పొద్దున్నే వచ్చి, పేపర్లో ఫొటో పడ్డ నెలనాటి గడ్డం గీసేసుకుని, జీపు చప్పుడు వినగానే పత్తి గదిలోకి ఉరికి మొన్న ఏరిన పత్తి కుప్పలో కూరుకుపోయాడు, పత్తి నూగు ముక్కులోకి పోతే తుమ్ము ఆగదు, దేవుడా, ఆ ఒక్క తుమ్ము ఆపు.

గీసిన వెంట్రుకలు పొయ్యిలో వేశాను, రేజరు తుడిచి అలమారలో పెట్టాను, ఇదొక్కటే కంటికి ఆనలేదు, పదకొండేళ్ళుగా అక్కడే వేలాడేది ఎందుకు ఆనుతుంది, ప్రాణం మీదికొచ్చినప్పుడు బ్రష్షు కడిగే మనిషి ఉంటాడా, ఉంటాడు, మా ఇంట్లోనే ఉన్నాడు, నురగ మొదట్లో ఎండితే వెంట్రుక విరుగుతుంది నిర్మలా, మరిగే నీళ్ళు పోయకు, గోరువెచ్చనివే, మూడుసార్లు విదిలించు, తువ్వాలుతో పిండకు, అద్దు, నిలబెడితే నీళ్ళు పిడిలోకి దిగి బంక వదులుతుంది, వేలాడదీస్తే ఒక్క బ్రష్షు జీవితాంతం వస్తుంది అని పెళ్ళైన కొత్తలో పాఠం చెప్పాడు, నేను దాంతో దేవుడి పటాల దుమ్ము దులిపినందుకు రెండు రోజులు ముఖం మాడ్చుకుని తిరిగాడు, నవ్వొస్తోంది, ఇప్పుడేం నవ్వు పాడు నవ్వు, అది ఆరడానికి సాయంత్రమవుతుంది, అప్పటిదాకా వీళ్ళ కళ్ళు మూసుకుంటాయా.

మూసుకోలేదు, బీక్యా చెంబు పెట్టేసి బ్రష్షు పట్టుకున్నాడు, వేళ్ళు రాసుకున్నాడు, సార్, గిది తడున్నది అన్నాడు, ఎస్సై వచ్చి చూసి ఇంట్ల మొగోళ్ళు ఎవరున్నరమ్మా అన్నాడు, మా మామ అన్నాను, అనేసి నాలుక కరుచుకున్నాను, ఇవాళ మంగళవారం, మంగళవారం గడ్డం గీసుకునే ఇల్లు ఈ ఊళ్ళో ఉందా, క్షవరం చేసే ముత్యమే ఇవాళ కత్తి ముట్టడు, పైగా సమ్మెలో జనగామ రోడ్డు మీద కూర్చుని నిరసనగా క్షవరాలు చేస్తూ ముత్యం రెండు వారాలుగా ఇంటికి రాక మామ చెంపలు తెల్లగా మాసి ఉన్నాయి, ఆ చెంపలు చూస్తే ఎవరికైనా తెలిసిపోతుంది.

అందరూ అరుగు మీద మంచంలో ఉన్న మామ వైపు చూశారు, అసలు భయం నాకు అక్కడే, నెల రోజులుగా ఆయన కొడుకుతో మాట్లాడడం లేదు, రాష్ట్రమొస్తే నీకు ఎకరం ఎక్కువొస్తదారా అని, నాలుగు రోజులు లోపలేస్తే గని వీనికి బుద్ధిరాదు అని మొన్ననే నలుగురి ముందు అన్నాడు, ఇప్పుడు ఒక్క వేలు పత్తి గది వైపు చూపిస్తే చాలు, లేచాడు, కర్ర పొడుచుకుంటూ వస్తున్నాడు, మామా, నీ కాళ్ళు మొక్కుతా, ఆ వైపు చూడకు, చూడలేదు, పీట లాక్కుని అద్దం ముందు కూర్చున్నాడు, బ్రష్షు నానబెట్టి ఎంతసేపాయె, ఇంకెప్పుడు గీస్తవ్ బిడ్డా అన్నాడు.

ఇయ్యాల మంగళారం గద పెద్దాయనా అని ఎస్సై నవ్వాడు, గడ్డానికి వారం తెలుస్తదా సారు, ముత్యం రాకపాయె, నా చేతులు వణుకుతున్నయి అన్నాడు మామ, మంగళవారం గోరు తీసినందుకు నన్ను తిట్టిన మనిషి ఈ మాట అంటున్నాడు, నేను రేజరు తెచ్చాను, నురగ పట్టించాను, పదకొండేళ్ళలో మామ ఎదుట కొంగు జారనివ్వని నేను ఆయన గదవ పట్టుకున్నాను, నా చేయి నా మాట వినడం లేదు, ఒక గీత, ఇంకో గీత, అప్పుడే పత్తి గదిలో గొంతులోనే నొక్కేసిన తుమ్ము చప్పుడు, బీక్యా తల తిరిగింది, అంతలోనే మామ దగ్గాడు, నురగ తుంపర్లు పడేలా దగ్గాడు, రేజరుకు చెంప తెగి ఎర్రగా చిమ్మినా ఆపకుండా దగ్గాడు, చూసుకుంట గీయమ్మా, కొడుకొస్తే ఠాణాకు రమ్మను అంటూ ఎస్సై విసుగ్గా బయటికి నడిచాడు, వెనకాలే బీక్యా.

జీపు చప్పుడు ఊరు దాటిపోయింది, రేజరు కింద పెట్టాను, నా చేయి ఆగింది, ఆగాక తెలిసింది, వణుకు నా చేతిది ఒక్కటే కాదు, ఆయన గదవ ఇంకా నా వేళ్ళ మధ్య కొట్టుకుంటోంది, పళ్ళు టకటకమంటున్నాయి, సగం నురగతో అలాగే కూర్చుని పత్తి గది వైపు తిరిగే ధైర్యం లేక అద్దంలోకే చూస్తున్నాడు, ఈ నెల రోజులూ కొడుకు మీద కోపమని నేను అనుకున్నదంతా కోపం కాదు, భయం, నాకున్న భయమే, నాకంటే ముందు నుంచీ ఉన్నది.