చేదు చూసే నాలుక

"కూరల ఉప్పు లేదు," అనేవాడు జావేద్, దాదాపు ప్రతి మధ్యాహ్నం.

సల్మా లేచి వెళ్ళి ఉప్పు డబ్బా తెచ్చేది. కూర గిన్నెతో పాటే దాన్నీ తెచ్చి పెట్టొచ్చు. అలా చేస్తే తప్పు ముందే ఒప్పుకున్నట్టవుతుందని, అతను అనేదాకా ఆగేది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె దాచుకున్న పౌరుషం అంతే. "చదువుకున్న కోడలని మురిసిన. ఉప్పెంత వెయ్యాల్నో కాలేజీల చెప్పలేదు పాపం," అని అత్త గౌసియా బేగం నవ్వేది. చుట్టాలొస్తే ఆ మాట మళ్ళీ చెప్పేది. వాళ్ళూ నవ్వేవాళ్ళు. సల్మా కూడా.

ఆమె నాలుకకు ఉప్పు ఎందుకు తెలియడం లేదని ఎవరూ అడగలేదు. సిద్దిపేట బజారులో జావేద్‌ది తాతలనాటి మూలికల దుకాణం. బంక విరేచనాలకు అక్కడిచ్చే కొడిసెపాల బెరడు పొడి కోసం దుబ్బాక నుంచి, కొండపాక నుంచి జనం వస్తారు. ఆ బెరడుతో ఒక చిక్కుంది. అంకుడు చెట్టుకూ అలాంటి పాలే, అలాంటి తెల్ల పూలే. ఎండిన ముక్కలు చూసి పోల్చడం మరీ కష్టం. కొడిసెపాల చేదు, అంకుడు చప్పన. అందుకే కొత్త బస్తా దిగినప్పుడల్లా కొన్ని ముక్కలు నమిలి చూడాలి. అది ఆ ఇంట్లో ఆడవాళ్ళ పని. పళ్ళు కదిలేదాకా అత్త నమిలింది. తర్వాత వంటింటి పొయ్యి అప్పగించినట్టే ఆ పనీ కోడలికి అప్పగించింది.

సల్మా బీఎస్సీలో కెమిస్ట్రీ చదివింది. ఆ చేదు పేరు ఆమెకు తెలుసు. కొనెస్సిన్ అనే ఆల్కలాయిడు, పేగుల్లోని అమీబాను చంపగలదు. పశువులూ పురుగులూ తన జోలికి రాకుండా చెట్టు ఆ చేదును బెరడులో పోగుచేసుకుంటుందని మేడం చెప్పినప్పుడు ముచ్చటేసింది. ఇప్పుడా మాట వేరేగా గుర్తొస్తుంది. చెట్టు చేదు చెట్టును కాచింది. తన నోట్లో పేరుకున్న చేదు ఎవరిని కాచింది? దుకాణం పేరును. తనకు మిగిలింది పొద్దున చాయ్ చేదు, పండగ నాటి షీర్ ఖుర్మా చేదు, రోజా ఉపవాసం విడిచేటప్పటి ఖర్జూరం కూడా చేదే. నమలక్కర్లేకుండా పరీక్షించే మందు ఒకటుంటుంది, చుక్క వేస్తే ఆల్కలాయిడు నారింజ రంగు మడ్డిగా దిగుతుంది, తెప్పించమని ఒకసారి అడిగింది. "నాలుక ఉండంగ సీసా ఎందుకు?" అన్నాడు జావేద్. వెక్కిరించలేదు. నిజంగానే అతనికి అర్థం కాలేదు. ఆమెను ఎక్కువ బాధపెట్టింది అదే.

నిన్న కొండపాక నుంచి పోచవ్వ వచ్చింది. దుకాణం వెనక పరదా చాటున నిలబడి సల్మా అంతా వింది.

"ఏం పొడి ఇచ్చినవు హకీం సాబ్? మట్టి లెక్క చప్పగున్నది. మా ముసలోడు దవాఖానల పడ్డడు. ఇప్పుడే జర తేరుకుంటుండు."

జావేద్ లోపలికొచ్చాడు. "చూసినవా, చూడకనే మంచిదన్నవా?"

"చూసిన. చేదుగనే ఉండె."

అంటుండగానే ఆమెకు తెలిసింది. నోట్లో ఉన్న పాత చేదునే బెరడు చేదనుకుంది. ఆ ముసలాయన దవాఖానాలో పడింది తన మాట వల్లే.

"నీ నాలుక ఖరాబైంది," అన్నాడు జావేద్, అరిగిపోయిన రోలును చూసినట్టు చూస్తూ.

ఇవాళ కూర ఉప్పు అఫ్రీన్ చేత చూపించింది సల్మా. పదో తరగతి చదివే కూతురు వేలితో ఇంత నాకి, "సరిపోయింది అమ్మీ," అంది. అన్నాలకు కూర్చోబోతుండగా కొత్త బస్తా దిగింది.

"అఫ్రీన్! ఇటు రా బేటీ," అని జావేద్ ఒక ముక్క తీసి కూతురి చేతిలో పెట్టాడు. "నమిలి చెప్పు. మీ అమ్మీతోని కాదిగ."

"నేర్పు, నేర్పు. ఇగ అది జూస్కుంటది," అంది అత్త.

"ఇది తినాల్నా అమ్మీ?" అంది అఫ్రీన్. బడి దగ్గర కొనుక్కున్న ఐస్ రంగు ఇంకా పోలేదు, నాలుక ఎర్రగా ఉంది.

సల్మా ఆ ముక్క తీసుకుని జావేద్ చేతిలో పెట్టింది.

"మీరు చూడుండ్రి."

"నేనా?"

"దుకాణం మీది. సీసా తెప్పిచ్చేదాక మీరే చూడాలె. నా బిడ్డ నోట్ల గిది పెట్టనియ్య."

జావేద్ నవ్వబోయి తల్లి వైపు చూశాడు. గౌసియా బేగం కొడుకును కాదు, ఆ బెరడు ముక్కను చూస్తోంది. పళ్ళు లేని నోట్లో ఆమె నాలుక మెల్లగా కదిలింది.

"నములు బేటా," అందామె. "మింగకు."

అతను నమిలాడు. మొహం ముడుచుకుపోయింది, కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. "యా అల్లా! ఇంత చేదుంటదా?"

"గదే కొడిసెపాల," అంది సల్మా. "అడుగు నుంచి ఇంకోటి తీసి చూడుండ్రి. పైన మంచియి పెట్టి కింద కలుపుతరు."

అడుగున ఉన్నవీ చేదే. జావేద్ నోరు పుక్కిలించి, మళ్ళీ పుక్కిలించి, అన్నాలకు పరిచిన దస్తర్‌ఖాన్ గుడ్డ దగ్గర కూర్చున్నాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చిరాగ్గా ఆగాడు.

"కూరల ఉప్పు లేదు."

"ఉంది అబ్బాజాన్," అంది అఫ్రీన్. "మంచిగనే ఉంది."

"ఉంది," అంది అత్త కూడా, తన కంచంలోకి చూస్తూ.

జావేద్ సల్మా వైపు చూశాడు. ఆమె లేవలేదు. వాళ్ళ పక్కనే కూర్చుని, తన కంచంలో అన్నం పెట్టుకుంది.

"డబ్బా వంటింట్ల ఉంది," అంది.