డాక్టరమ్మ గెలుపు

పార్టీ మనుషులు వచ్చారంటే, ఎంపీ అయినా సరే, టీ వనితే పెట్టాలి. "కోడలి చేతి చాయ్ తాగిపోతే నలుగుర్ల మంచిగ చెప్పుకుంటరు" అంటుంది అత్త భూదేవి. నాలుగుసార్లు గెలిచినా ఆ పని తప్పలేదు.

తొంభై ఒకటిలో టికెట్ కోసం తిరిగింది ఆమె భర్త సుదర్శన్. బొగ్గు లారీల కాంట్రాక్టరుకు ఓట్లు పడవని పార్టీవాళ్లు అంటే, "మా ఇంట్ల డాక్టరమ్మ లేదా?" అని ఆమె పేరిచ్చి వచ్చాడు. అప్పట్లో లాల్‌పేట్ గని కార్మికుల ఇళ్లలో కాన్పంటే వనితే. క్లినిక్ వదలనని ఆమె ఏడిస్తే, "ఢిల్లీల చెయ్యెత్తు చాలు, మిగతాది నేను సూసుకుంట" అన్నాడు. నిజంగానే చూసుకున్నాడు. క్లినిక్ అతని లారీల ఆఫీసయింది, కాన్పుల బల్ల మీద కంప్యూటరొచ్చింది. అడ్డం తిరిగిన బిడ్డను తడిమి సరిచేసిన చెయ్యి, ఎవరో సైగ చేస్తే గాలిలోకి లేవడం నేర్చుకుంది. లాల్‌పేట్‌లో కాన్పుల ఆస్పత్రి కట్టిద్దామని ఆమె అడిగినప్పుడల్లా సుదర్శన్‌ది ఒకటే మాట: "దవాఖాన ఎవరికి కనపడ్తది? రోడ్డేస్తే కనపడ్తది." రోడ్డు పడింది.

రెండువేల మూడు వానాకాలం, ఒక పొద్దున ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. గని కార్మికుడి భార్య సారక్క దిగి లోపలికి ఉరికొచ్చింది.

"అమ్మా, నా బిడ్డ స్వప్నకు ఇంట్లనే కాన్పయింది. పసిదాన్ని పక్కింట్ల ఇచ్చొచ్చిన. స్వప్నను ఆటోల పండవెట్టిన, నెత్తురు ఆగుతలేదు. అది పుట్టినప్పుడు నువ్వే తీసినవ్, యాదికుందా?"

"పెద్ద దవాఖానకు తోల్కపొమ్మను" అన్నాడు సుదర్శన్, గొంతు తగ్గించి. "మనింటి ముందట ఏమన్నయితే రేపు పేపర్ల వస్తది."

వనిత వెళ్లి ఆటో ఎక్కి, పెద్దాస్పత్రికి పోనిమ్మంది. స్వప్న మెత్తబడిన గర్భసంచిని పొట్ట మీదుగా పట్టి నలుపుతూ కూర్చుంది. పన్నెండేళ్లయినా చేతులు ఏదీ మరిచిపోలేదు. కానీ ఇంజెక్షన్ లేదు, సెలైన్ లేదు, ఎక్కించడానికి రక్తం లేదు. కొత్త రోడ్డంతా బొగ్గు లారీలు, ఒకదాని వెనుక ఒకటి ఆగి ఉన్నాయి. ఆటోవాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.

"అమ్మా, సలి పెడ్తుందే" అంది స్వప్న. కాసేపటికి ఆ మాటా ఆగింది. నాడి దొరకలేదు. అయినా వనిత చేతులు ఆపలేదు. సారక్కే ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఇగ ఇడువు బిడ్డా."

"నన్ను తిట్టు సారక్కా" అంది వనిత.

సారక్క కూతురి ముఖం మీది వెంట్రుకలు పక్కకు తోసింది. "నిన్నెందుకు తిడ్తనమ్మా? నువ్వు గెల్వాలని నాలుగుపార్లు ఒక్కపొద్దుండి ఓటేసిన. ఒక్కపారన్న ఓడగొట్టుంటే, నువ్వు మాకాడనే ఉందువు."